వెనక్కి తిరిగి కూర్చున్న పిల్ల

మనస్విని మొదట పలికిన మాట "అమ్మ" కాదు, "పోయింది".

ఆ మాట అన్నప్పుడు నేను పక్క సీట్లోనే ఉన్నాను. నార్కట్‌పల్లి దగ్గర హైవే ఎక్కి రెండు నిమిషాలయి ఉంటుంది. చలికాలం. వరి కోసిన మళ్ల మీద మంచు పలుచగా పరుచుకుని ఉంది. కొంగల గుంపొకటి రోడ్డు దాటి, కారు వెనక అద్దంలో తెల్లగా మెరిసి, చిన్నదైపోయి, మంచులో కలిసిపోయింది. పిల్ల చెయ్యి చాపి, పెదవులు గుండ్రంగా చుట్టి, "పోయింది" అంది.

స్టీరింగ్ ముందున్న నాగరాణి అద్దంలోకి చూసింది.

"ఏం పోయింది బిడ్డా?"

 ఆ మాట పిల్లకు బాగా నచ్చినట్టుంది. కరెంటు స్తంభాన్ని చూసి అంది, గొర్రెల మందను చూసి అంది, హోటల్ ముందు ఊడుస్తున్న మనిషిని చూసి అంది. చౌటుప్పల్ చేరేసరికి దారంతా పోయింది.

నాగరాణి మా డ్రైవర్. మా అంటే, నల్లగొండ నుంచి చౌటుప్పల్ పక్కన మందుల ఫ్యాక్టరీలకి రోజూ వెళ్లొచ్చే నలుగురు ఆడవాళ్లం. నేను ల్యాబులో పనిచేస్తాను. ముందు సీట్లో కూర్చునే ఉజ్మా ప్యాకింగులో చేసేది. ఇంకో ఇద్దరు చివరి వరుసలో కూర్చుని, ఎక్కిన మరుక్షణం నిద్రపోయేవాళ్లు. ఏడు సీట్ల బండి. ఉదయం ఆరున్నరకి బయలుదేరితే ఎనిమిదింటికి ముందే గేటు దగ్గర దింపేది. ఆమె బండిలో నేను నాలుగేళ్లకు పైగా తిరుగుతున్నాను.

కట్టంగూరు వైపు పల్లె ఆమె పుట్టిల్లు. తండ్రి గుర్వయ్యకు గొర్రెలు, మేకలు. వాటిని సంతకు తోలడానికి ఆయన ఒక ట్రాలీ ఆటో కొన్నాడు. కొన్న రెండేళ్లకే చూపు మసకబారింది. కొడుకులు లేరు. పద్దెనిమిది నిండిన బిడ్డ లైసెన్సు తెచ్చుకుని, వెనక పదిహేను జీవాలతో, పక్క సీట్లో తండ్రితో సంతకు వెళ్లేది. "గుర్వయ్య బిడ్డ బండి తోలుతాంది" అని జనం నిలబడి చూసేవాళ్లట. తను మాత్రం ఎవరినీ చూసేది కాదు. "రోడ్డు తప్ప ఏం చూడొద్దని బాపు చెప్పిండక్కా. గదే అలవాటయింది" అని నాతో ఒకసారి అంది.

నల్లగొండ శివారులో ఉండే రాకేష్‌తో పెళ్లయింది. అతను మా పక్క ఫ్యాక్టరీలోనే ఫిట్టరు, వారానికో షిఫ్టు. అత్త గోపమ్మకు ఇప్పటికీ ముప్పై గొర్రెలున్నాయి. పొద్దున మంద వెంట పోతే చీకటి పడితేగాని ఇల్లు చేరదు. అందుకే మనస్విని పుట్టిన నాలుగో నెలలో, 2022 ఎండాకాలంలో, నాగరాణి మళ్లీ బండి ఎక్కినప్పుడు పిల్ల కూడా బండెక్కింది. చంటిపిల్లను ఇంట్లో చూసుకునేవాళ్లు లేరు. పాలిచ్చే తల్లి పక్కన లేకపోతే గడవదు. మేం పనిలో ఉన్నంతసేపూ తల్లీబిడ్డలు ఫ్యాక్టరీ బయట వేపచెట్టు కింద చాప పరుచుకుని ఉండేవాళ్లు. దగ్గరి కిరాయిలు వస్తే వెళ్లొచ్చేవాళ్లు.

మొదటి వారం పిల్ల నా ఒడిలోనే. మెత్తగా, వెచ్చగా, పాల వాసనతో నిద్రపోయేది. నాకూ కునుకు వచ్చేది. చిట్యాల దగ్గర ఒకరోజు కుక్క అడ్డం వచ్చింది. నాగరాణి బ్రేకు వేసింది. గట్టిగా కూడా కాదు. నా చేతుల్లోంచి పిల్ల నీళ్లలా జారింది. మోకాళ్ల మధ్య ఎలా ఆగిందో నాకు తెలియదు. గౌను అంచు మాత్రం నా పిడికిట్లో ఉంది.

నాగరాణి బండి పక్కకు ఆపింది. వచ్చి పిల్లను తీసుకుంది. రోడ్డు వార కంకర మీదే కూర్చుని చాలాసేపు లేవలేదు. నేను ఏడుస్తున్నాను.

"నీ తప్పు లేదక్కా" అంది చివరికి. "రేపటికెళ్లి బిడ్డ ఒళ్లె కూసోదు. ఏదన్న జాగా చూడాలె."

మా చెల్లెలు వనస్థలిపురంలో ఉంటుంది. వాళ్ల పిల్లవాడు పెద్దవాడై, వాడి కారు సీటు అటక మీదికి చేరింది. ఏ ప్రమాదంలోనూ పడనిది, దాని మీద ముద్రించిన గడువు కూడా ఇంకా ఐదారేళ్లు ఉంది. ఆ ఆదివారమే తెచ్చాను. చంటిపిల్లల కోసం లోపల మెత్తటి దిండు పెట్టే రకం. సీటుతో వచ్చిన పుస్తకం ఇంగ్లీషులో ఉంటే నేను చదివి చెప్పాను. నాగరాణి సీట్లో మోకాలు ఆనించి, బెల్టును గుంజి గుంజి బిగించింది. చేత్తో ఊపితే అంగుళం కన్నా ఎక్కువ కదలకూడదని చెబితే, అరంగుళం కూడా కదలకుండా కట్టింది. అప్పుడు ఆగి చూసింది.

"అక్కా, గిది ఉల్టా ఉన్నదేంది? బిడ్డ మొఖం ఎన్కకున్నది."

"గట్లనే ఉండాలె. చిన్నపిల్లలకు గదే మంచిది."

"ఎన్నొద్దులు? ఏడాదా?"

"ఏడాది నిండితే తిప్పొచ్చని చానమంది అనుకుంటరు. పుస్తకంల గట్ల లేదు. ఈ సీటు ఎన్కకు తిరిగి పద్దెనిమిది కిలోల దాక మోస్తది. బిడ్డ తలకాయ గీ పైఅంచుకు అంగుళం కిందికే ఉండాలె. బరువన్న నిండాలె, లేకుంటే తలకాయన్న గా అంగుళం కాడికి రావాలె. ఏది ముందైతే అప్పుడు తిప్పాలె. గంతదాక ఎన్కకే."

నాగరాణి ఆ పైఅంచు మీద వేలు పెట్టి, అడుగున నిద్రపోతున్న పిల్ల తల దాకా చూపు దించింది. మధ్యలో చాలా జాగా ఉంది.

"గంత పెరుగుతదా ఇది?" అని నవ్వింది.

తల్లికి బిడ్డ ముఖం కనబడేలా వెనక సీటు తల దగ్గర గుండ్రటి అద్దం ఒకటి కట్టాం. అలా వాళ్ల మాటలు ముందద్దంలోంచి గుండ్రటద్దంలోకి, అక్కడినుంచి ఇక్కడికి నడిచేవి.

మాకు రోడ్డు ఎదురొచ్చేది. మనస్వినికి మాత్రం పోయేది. ఏ వస్తువైనా తన చెవుల వెనకనుంచి చెప్పకుండా వచ్చి, కిటికీ అంచున ఒక్క క్షణం పెద్దగా నిలిచి, తర్వాత తీరిగ్గా చిన్నదయ్యేది. చెట్లు తొందరగా వెళ్లేవి, ఇళ్లు కాస్త ఆగి వెళ్లేవి. చెర్వుగట్టు కొండ మాత్రం వెళ్లేది కాదు. చిట్యాల వచ్చినా అది నీలంగా, పలుచగా అద్దంలోనే ఉండేది. రెండో ఏట మాటలు కూడినప్పుడు పిల్ల దాని మీద కోపగించింది.

"అమ్మా, గుట్ట పోతలేదు."

"ఉండనీ. దానికి ఎటు పోవాలని లేదు."

ఇంకో సంగతి నాకు చాలా నెలల తర్వాత తట్టింది. పొద్దున మేం పడమరగా వెళతాం, సాయంత్రం తూర్పుగా తిరిగి వస్తాం. అంటే సూర్యుడు రెండుసార్లూ మా వీపు వెనకే. ఆ బండిలో పొద్దు పొడవడం, పొద్దు గుంకడం రోజూ చూసే మనిషి ఆ పిల్ల ఒక్కతే. ఎండ కళ్లలో పడకుండా వాళ్లమ్మ వెనకద్దానికి పాత ఓణీ కట్టింది. పలుచటి పసుపు ఓణీ. దాని గుండా వచ్చిన వెలుతురు పిల్ల ముఖం మీద పడి, చెంపల మీది నూగు బంగారంలా కనబడేది. నేను పక్కన కూర్చుని ఆ వెలుతురునే చూసేదాన్ని. కొన్ని రోజులు నిద్రపోయానో మెలకువగా ఉన్నానో నాకే తెలిసేది కాదు. బండి మెల్లగా ఊగేది, చివరి వరుసలో వాళ్ల ఊపిరి వినబడేది, పిల్ల తనలో తాను "పోయింది, పోయింది" అని లాలిపాటలా పాడుకునేది.

ఆ మాటే గోపమ్మకు నచ్చలేదు.

పిల్లకు ఏడాదిన్నర దాటిన తర్వాత, ఒక సోమవారం ఉదయం వాళ్లింటి ముందు నేను బండెక్కేసరికి సీటు ముందుకి తిరిగి ఉంది. కాళ్లు కిందికి వేలాడేసుకుని మనస్విని నన్ను చూసి నవ్వింది. చిట్యాలలో చుట్టాలింటికి వెళ్లడానికి గోపమ్మ కూడా ఆ రోజు బండిలో ఉంది, పిల్లకు అవతలి పక్కన. నాగరాణి హడావిడిగా వచ్చి స్టీరింగ్ ముందు కూర్చుంది, అద్దంలోకి చూసింది. బిడ్డ ముఖం నేరుగా కనబడింది. తాళం తిప్పబోయిన చెయ్యి ఆగిపోయింది.

"ఎవలు తిప్పిన్రు?"

"నేనే తిప్పుమన్న, రాకేష్ తిప్పిండు" అంది గోపమ్మ. "ఏందే గది? అందరొక దిక్కు చూస్తే నా మనుమరాలొక దిక్కు చూస్తది. నోరు తెరిస్తే పోయింది, పోయింది. పసిపిల్ల నోట్లె గదేం మాట? పైంగ కాళ్లు చూడు, సీటుకు తాకి మలుసుకపోతున్నయి. గట్లనే ఉంటె కాళ్లు వంకర పోవా?"

నాగరాణి బండి దిగింది. అత్తకి ఎదురు చెప్పే మనిషి కాదు. సీటు పక్కన నిలబడి నా వైపు చూసింది. నేను కూడా దిగి, నాకు తోచినట్టు చెప్పాను. బండి ఒక్కసారి ఆగితే లోపల ఉన్నవన్నీ ముందుకే పోతాయని, ముందుకి తిరిగి కూర్చుంటే బెల్టు ఒంటిని పట్టుకుంటుంది గాని తలను పట్టుకోదని, పసిపిల్లకు తల బరువు, మెడ లేత అని, వెనక్కి తిరిగి కూర్చుంటే వీపు, మెడ, తల అన్నిటినీ సీటే కాస్తుందని.

గోపమ్మ చివరిదాకా వింది. తర్వాత తన కుడిచెయ్యి పైకెత్తి, అరచెయ్యి వెల్లకిలా తెరిచి చూసుకుంది.

"ఈనిన పిల్లను ఎత్తుకున్నట్టన్నట్టు."

"ఏందవ్వా?"

"గొర్రె ఈన్తది గద. గా పిల్లను ఎత్తితె అరచెయ్యి మెడ కింద వెడ్తం. వెట్టకపోతె తలకాయ ఎన్కకు ఏలాడ్తది. నాలుగొద్దులకు నిలబడి ఉరుకుతది, అయినా మెడ గట్టివడనీకె చాన రోజులు పడ్తది." సీటు వీపు మీద ఆ అరచెయ్యి ఆనించింది. "గీ సీటు గా అరచెయ్యేనా?"

"గంతే అవ్వా."

"మరి కాళ్లు?"

అప్పుడు ఉజ్మా ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి, "చిన్నపిల్లలు బాసిపట్లు వేసుకోని గంటలు గంటలు కూసుంటరు గదా గోపమ్మవ్వా! మనకు నొస్తయి గాని వాళ్లకు నొయ్యవు" అంది.

నాగరాణి అక్కడే, ఇంటిముందు రోడ్డు మీదే, సీటు విప్పి వెనక్కి తిప్పి బిగించింది. పిల్లను ఎక్కించగానే అది రెండు కాళ్లూ మడుచుకుని హాయిగా సర్దుకుంది.  చిట్యాలలో దిగేటప్పుడు గోపమ్మ మనుమరాలి పాదాలు రెండూ చేతుల్లోకి తీసుకుని, వంకరపోలేదు గదా అన్నట్టు ఒకసారి ఒత్తి చూసి వెళ్లింది.

ఆ వానాకాలమే జరిగిందది. సాయంత్రం, పంతంగి టోల్ దాటాం. సన్నటి జల్లు, రోడ్డంతా నల్లగా మెరుస్తోంది. ముందు వెళుతున్న పెద్ద ట్రైలర్ ఎర్రలైట్లు ఒక్కసారిగా వెలిగాయి, అది ఉన్నచోటే ఆగిపోయింది. నాగరాణి బ్రేకు మీద దాదాపు నిలబడింది. టైర్లు కీచుమన్నాయి. బండి జారుతోంది, జారుతోంది, ట్రైలర్ వెనక ఇనుపకమ్మీ అద్దం నిండా పెరుగుతోంది. జానెడు దూరంలో ఆగాం. ఉజ్మా టిఫిన్ డబ్బా ఎగిరి అద్దానికి తగిలి పగిలింది. బెల్టు ఒరుసుకుని నా భుజం దగ్గర వాత తేలింది, పదిరోజులు ఉంది. చివరి వరుసలో ఇద్దరూ నిద్రలోంచి కేకలు పెట్టారు.

నేను పిల్ల వైపు తిరిగాను. సీటు వీపుకి అదుముకుని, కళ్లు ఇంతంత చేసుకుని చూస్తోంది. ఏడవలేదు. కాసేపటికి చప్పుడు వచ్చిన వైపు మెడ తిప్పబోయి, కనబడక, నన్ను అడిగింది.

"ఏం పోయింది?"

"ఉజ్మా డబ్బా పోయింది బిడ్డా."

నాగరాణి స్టీరింగ్ మీద తల పెట్టి ఏడ్చింది. ఉజ్మా ఆమె వీపు నిమురుతూ, "డబ్బానే గదా పోయింది, పోనియ్" అంటూ తనూ ఏడ్చింది. వెనక బండ్లు హారన్లు కొడుతుంటే కళ్లు తుడుచుకుని మెల్లగా కదిలించింది.

మర్నాడు పొద్దున బండి దగ్గర రాకేష్ ఉన్నాడు. రాత్రి నిద్రపోలేదేమో, కళ్లు ఎర్రగా ఉన్నాయి.  వెనక తలుపు తీసి, పిల్ల సీటును రెండు చేతులతో పట్టుకుని ఊపి చూశాడు. కదల్లేదు. మళ్లీ ఊపాడు. తర్వాత బిడ్డను తెచ్చి, వెనక్కి తిరిగిన ఆ సీట్లో కూర్చోబెట్టి, బెల్టు పెట్టి, తలుపు వేసి ఇంట్లోకి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆ సీటు సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

రోజులు గడిచాయి. మొదట్లో కరెంటు స్తంభాలను చూసిన పిల్ల తర్వాత మనుషులను చూడటం నేర్చింది. "అమ్మా, మీసాల మామ లారీ వచ్చింది, దారియ్యి" అని చెప్పేది. వాళ్లమ్మ ముందు సంగతులు చెప్పేది, బిడ్డ వెనక సంగతులు. ప్రతి నెల మొదటి తేదీన బండెక్కే ముందు నాగరాణి పిల్ల తలకూ సీటు పైఅంచుకూ మధ్య రెండు వేళ్లు అడ్డంగా పెట్టేది. "ఇంక జాగున్నది" అని తృప్తిగా చెప్పి, బండి తీసేది.

మూడేళ్లు దాటి ఏడు నెలలయినప్పుడు, ఒక జూలై ఒకటిన, రెండు వేళ్లు పట్టలేదు. అంగన్‌వాడీలో తూచిన బరువు పద్నాలుగు కిలోలే. తల మాత్రం ఆ అంగుళం దగ్గరికి వచ్చేసింది.

"ఇంకో నెల గిట్లనే ఉంచుదామా అక్కా?" అని అడిగింది నాగరాణి.

"వద్దు. గా అంగుళం దాటినంక ఎన్కకుంచుడు గూడ మంచిగుండదు. ఈ ఆదివారమే తిప్పాలె."

ఆమె తల ఊపింది. ఆ రోజు బండి రోజూకన్నా నెమ్మదిగా నడిపింది. నాకలా అనిపించిందేమో కూడా.

ఆదివారం భార్యాభర్తలిద్దరూ కలిసి తిప్పారు. నేను ఫోనులో పుస్తకం చదివి చెప్పాను. వెనక్కి ఉన్నప్పుడు భుజాలకు సమంగానో కొంచెం కిందో ఉండే పట్టీలు, ముందుకి తిప్పినప్పుడు భుజాలకు సమంగానో కొంచెం పైనో ఉండాలి. సీటు తల వెనక పొడుగు పట్టీ ఒకటి ఉంటుంది, దాన్ని బండిలోని కొక్కేనికి తప్పకుండా తగిలించి బిగించాలి. రాకేష్ ఫిట్టరు కాబట్టి కొక్కెం ఎక్కడుందో చప్పున కనిపెట్టాడు.

సోమవారం మనస్విని రెండు జడలు వేసుకుని వచ్చింది. కూర్చుంది. తనకు ఎదురుగా వాళ్లమ్మ వీపు, జడ, ఆ పైన పెద్ద అద్దం. నార్కట్‌పల్లి దాకా పట్టీలు పట్టుకుని ముందుకే చూస్తూ ఉంది. హైవే మీద పైవంతెన దగ్గరవుతుంటే రెండు చేతులతో తల కప్పుకుంది.

"అమ్మా! మీదికొస్తాంది!"

"రానీ బిడ్డా. మనం దాని కిందికెళ్లి పోతం."

నీడ మా మీదుగా జారి వెనక్కి వెళ్లింది. పిల్ల వేళ్ల సందులోంచి చూసింది. తర్వాత ఒక బోర్డు వచ్చింది, ఒక చెట్టు వచ్చింది, మంద వచ్చింది. ప్రతిదానికీ ఉలిక్కిపడింది. ఏదీ వచ్చేముందు ఇంత సేపు కనబడుతుందని ఆ పిల్లకు ఇంతవరకు తెలియదు. చిట్యాల దగ్గర అడిగింది.

"పొద్దు ఏది?"

"ఎన్క ఉన్నది."

"నాకు కనవడ్తలేదు."

 నాగరాణి కాసేపు నడిపి, సర్వీసు రోడ్డులోకి దిగి బండి ఆపింది. బిడ్డను ఎత్తుకుని బండి వెనక్కి నడిచింది. పొలాల మీద, పలుచటి మబ్బు అంచున, సూర్యుడు అప్పటికి బారెడు పైకి వచ్చాడు. తల్లీబిడ్డలు ఇద్దరూ అటే చూస్తూ నిలబడ్డారు. చివరి వరుస వాళ్లకి కూడా మెలకువ వచ్చింది. ఆ రోజు మేం గేటు దగ్గరికి ఏడు నిమిషాలు ఆలస్యంగా చేరాం. సెక్యూరిటీ అతను కారణం అడిగితే ఉజ్మా "టైరు" అని చెప్పింది.

ఉజ్మా ఆ చలికాలం పెళ్లి చేసుకుని కొత్తకోట వెళ్లిపోయింది. వాళ్లాయన అఖీల్‌కు బెంగళూరు రోడ్డు మీద టైర్ల దుకాణం. మరిది కొడుకుకి కారు సీటు కొన్నారట, ఏడాది పుట్టినరోజు నాడు తిప్పుదామని ఇంట్లో అందరూ అంటున్నారట. ఉజ్మా నాకు కాదు, నాగరాణికి ఫోను చేసింది. బండి ఆపి ఉంది కాబట్టి స్పీకరులో నేనూ విన్నాను.

"పుట్టినరోజు చూడకు ఉజ్మా. సీటు పక్కన కాగితం అతికించి ఉంటది. దాని మీద ఎన్ని కిలోలు, ఎంత పొడుగు రాసిన్రో చదువు. మా దాని లెక్క మీ దానికి రాదు. గంతదాక తిప్పనియ్యకు. కాళ్ల గురించి ఫికర్ చెయ్యకు. ఎవలన్న లొల్లి పెడితె మా అత్తకు ఫోను కలుపు."

గోపమ్మ నిజంగానే మాట్లాడిందని తర్వాత తెలిసింది. గొర్రెపిల్ల మెడ గురించి పావుగంట చెప్పిందట.

ఈ మధ్య, ఒక సోమవారం, నాగరాణి నాకు ఒక సంగతి చెప్పింది. అంతకుముందు రోజు పుట్టింటికి వెళ్లిందట. సంతలో మిగిలిన రెండు మేకలను ట్రాలీలో వేసుకుని రాకేష్ ఊళ్లోకి నడుపుతుంటే, తను ముందు కూర్చోకుండా వెనక ట్రాలీలో, మేకల పక్కన, వెనక్కి తిరిగి కూర్చుందట. ఊరి లోపలి మట్టిదారి, మనిషి నడిచేంత వేగం.

"ఎందుకు కూసున్నవే?"

"చూద్దామని. మూడేండ్లు అది ఏం చూసిందో ఏమో."

"ఏం కనవడ్డది?"

 చిట్యాల వంతెన మొదలవుతోంది. నాగరాణి గేరు మార్చింది.

"ఎదురుంగ వచ్చేటోళ్లు మన మొఖం చూడరక్కా, బండిని చూస్తరు. దాటిపోయినంక నిలవడి చూస్తరు. నాకిన్నేండ్లు తెల్వదు. ఒక ముసలమ్మ కట్టెలమోపు దించి మరీ చూసింది. నాకు తెల్వదు ఆమె ఎవలో. చెయ్యి ఊపింది. నేను గూడ ఊపిన. మలుపు తిరిగేదాక ఊపుకుంటనే ఉన్నం."

వెనక సీట్లోంచి మనస్విని అంది: "లారీ మామలు గూడ ఊపుతరు. నేను రోజు ఊపేదాన్ని."

"నాకు చెప్పలేదేమే?"

"నువ్వు తొవ్వ చూస్తుంటివి గద."

నాగరాణి పెద్దగా నవ్వింది. నవ్వుతూనే వంతెన ఎక్కించింది. పైకి వచ్చేసరికి, ఎదురుగా చౌటుప్పల్ మీద వానమబ్బు నీలంగా దిగి ఉంది. మనస్విని పట్టీల్లోంచి మెడ చాపి, అది ఎంత దగ్గరికి వచ్చిందో, ఎప్పుడు మన మీద పడుతుందో వాళ్లమ్మకు చెప్పడం మొదలుపెట్టింది.